అచ్చులో రాని మాట

గురువారం ఉదయం ఆరున్నరకు నిల్దా కయూన్ ఒక మనిషిని మంచు తుఫానులోకి పిలిచింది. పిలిచినట్టు ఆమెకు తెలియదు. చేతిలో ఉన్న కాగితం చదివింది, అంతే.

"సెర్రో బాయోలో ఉన్న సతుర్నీనో పయలెఫ్ గారికి. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి కొయ్రోన్ కూడలి దగ్గర ఉండండి. బసీలియో లారీ వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటుంది. శుక్రవారం కళ్ళ డాక్టరు చూస్తారు. ఈ కబురు విన్నవాళ్ళు ఆయనకు అందజేయండి."

అది తొమ్మిదో కబురు. వెంటనే పదోది చదివింది. ఆపైన ఇంకో ముప్ఫై ఉన్నాయి. ఎవరికో మనవరాలు పుట్టింది. ఎవరివో గొర్రెల మందులు బస్సులో వస్తున్నాయి. ఏడింటికి మైకు ఆపి, కెటిల్ పెట్టుకుని, ఒక్కతే యెర్బా ఆకు కాచిన మాతే తాగింది.

లగూనా మన్సా రేడియో పని అదే. ఊరు దాటితే పీఠభూమి మీద ఫోను పలకదు. నలభై కిలోమీటర్లకొక గొర్రెల కాపరి, ఒక గుడిసె, ఒక కుక్క, ఒక రేడియో. ఊళ్ళో ఉన్నవాళ్ళు కౌంటరు దగ్గర కబురు రాయిస్తారు. పొద్దున, మధ్యాహ్నం నిల్దా చదువుతుంది. సాయంత్రం ఏడున్నరకు ఇలారియో బెస్తెనె చదువుతాడు. వినేవాళ్ళు నాలుగు వేలమందని రాజధాని వాళ్ళ లెక్క. అన్ని వేలమందిలో ఒక్కరి గొంతు కూడా తిరిగి నిల్దాకు వినపడదు.

నిల్దాకు యాభై నాలుగేళ్ళు. ఇంటికి వెళ్తే మాట్లాడే మనిషి లేదు.

ఇలారియోదీ అదే వయసు. పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే కుర్చీ, ఒకే కంప్యూటరు. కానీ ఆమె ఒంటిగంటకు వెళ్ళిపోతుంది, అతను రెండింటికి వస్తాడు. ఏడాదికి ఒకసారి, రేడియో వార్షికోత్సవం రోజున, గొర్రెమాంసం కాల్చే పొగలో అటొకరు ఇటొకరు నిలబడి తల ఊపుకునేవారు. వాళ్ళు మాట్లాడుకున్నదంతా కంప్యూటరులో కబుర్లు ఎక్కించే షీటులోనే.

రేడియోలో ఒక నియమం ఉంది. కబురు రాయించినవాళ్ళ మాటలో ఒక్క అక్షరం మార్చకూడదు. ఎప్పుడో ఒక గుమాస్తా ఒక కబురును బాగుచేసి రాస్తే ఇద్దరు అన్నదమ్ములు ఆరేళ్ళు మాట్లాడుకోలేదట. అప్పటినుంచి మార్పు వచ్చినా, రద్దు వచ్చినా, ఆ వరుసను ముట్టుకోరు. దానికి ఒక కామెంట్ తగిలిస్తారు. పొద్దున అచ్చు తీస్తే కాగితం అడుగున ఆ కామెంట్లన్నీ చిన్న అక్షరాల్లో వస్తాయి. ముందు అవి చదువుకుని, తర్వాత మైకు గదిలోకి వెళ్ళడం నిల్దా అలవాటు.

కామెంట్లలో పని ఒక్కటే ఉండేది కాదు. "పద్నాలుగోది మెల్లగా చదవండి, ముసలాయనకు చెవుడు." "యెర్బా అయిపోయింది, కొత్త పొట్లం కింది సొరుగులో పెట్టాను." "నిన్న గాలికి మన కిటికీ మళ్ళీ ఊడింది, అట్ట పెట్టాను, నవ్వకండి." నిల్దా కూడా రాసేది. చదివాక, ఎవరికి రాసింది వాళ్ళే చెరిపేసేవారు. మర్నాటికి గుర్తు ఏమీ మిగిలేది కాదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, పన్నెండు యాభైకి, నిల్దా చివరి వరుసకు ఒక కామెంట్ తగిలించింది. రాయడానికి మూడు వారాలు పట్టింది. "ఆదివారం మధ్యాహ్నం మాంసం కూరి ఎంపనాదాలు చేస్తున్నాను. మీరు వస్తానంటే రెండు డజన్లు చేస్తాను. వచ్చేటట్టయితే రాయండి."

అదే శుక్రవారం ఒంటిగంటకు ఎమ్లిన్ ప్యూ వచ్చాడు.

ప్యూ రాజధాని పంపిన మనిషి. పెద్ద పొట్ట, మంచి స్వభావం. రేడియో కంప్యూటర్లు ఎప్పటినుంచో లినక్స్ మీదే నడుస్తున్నాయి, దాన్ని అతను ముట్టుకోలేదు. మార్చవలసింది దాని మీద ఉన్న ఆఫీసు ప్రోగ్రాములను. పాతవాటిని తయారుచేసినవాళ్ళు వాటిని వదిలేశారనీ, కొత్తవి కూడా ఉచితమేననీ, వాటి లోపలి కోడు కూడా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చనీ, అన్ని రేడియోలూ నెలాఖరులోగా మారాలని ఉత్తర్వు వచ్చిందనీ చెప్పాడు. నిల్దా కోటు తొడుక్కుని నిలబడింది. పాతది తనకు బాగానే ఉందని అంది.

"అందరూ అదే అంటారు, దోన్యా నిల్దా. నా పెళ్ళాం కూడా నా గురించి అలాగే అనేది. తర్వాత మార్చేసింది."

అరగంటలో పని అయిపోయింది. షీటు తెరిచి చూపించాడు. వరుసలు లెక్కపెట్టుకోమన్నాడు. లెక్క సరిపోయింది. పరీక్షకని ముందురోజు కాగితం ఒకటి అచ్చు తీశాడు. అక్షరాలు కొంచెం లావుగా వచ్చాయి, మిగతా అంతా అలాగే ఉంది. ముందురోజు కామెంట్లు అప్పటికే చెరిపేశారు కాబట్టి అడుగున ఏమీ లేకపోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. ప్యూ రెండుంబావు బస్సుకు వెళ్ళిపోయాడు.

శనివారం ఉదయం నిల్దా ఆరింటికి వచ్చి అచ్చు తీసింది. కాగితం అడుగున ఖాళీ.

తిప్పి చూసింది. వెనక కూడా ఖాళీ.

తెర మీద కొన్ని గడుల మూలన నారింజరంగు చుక్కలు కనిపించాయి. కొత్త ప్రోగ్రాము నిండా రంగులే. మెనూకొక రంగు, బొమ్మకొక రంగు. అదొక అలంకారం అనుకుంది. అతను రాయలేదు, అంతే. రాకూడదనుకున్న మనిషి రాయడు, అదే మర్యాద. అడిగి ఉండకూడదనుకుంది.

ఆదివారం ఆమె ఎంపనాదాలు చెయ్యలేదు. ఇంట్లో ఉండలేక పదకొండింటికి మడుగు ఒడ్డుకు వెళ్ళి మూడింటిదాకా నడిచింది. సోమవారం కాగితం ఖాళీ. మంగళవారం, బుధవారం కూడా ఖాళీ. ఆమె కూడా ఏమీ రాయలేదు. ఒక్క కామెంట్ రాసి ఉంటే, రాసే చోటు తెరిచి ఉంటే, ఆ నారింజరంగు చుక్క ఏమిటో ఆ క్షణానే తెలిసేది. రాయలేదు. అచ్చు తీయడం, చదవడం, కోటు తొడుక్కోవడం. తెరవైపు చూడటమే మానేసింది.

గురువారం కూడా అంతే. మధ్యాహ్నం పన్నెండున్నర కబుర్లు చదివి బయటికి వచ్చేసరికి కౌంటరు దగ్గర బసీలియో ఓవియెదో నిలబడి ఉన్నాడు. చేతులకు గ్రీజు. కిటికీ అవతల ఆకాశం సీసం రంగులో దిగివస్తోంది.

సతుర్నీనోకు ఒక కబురు పెట్టాలన్నాడు. గేర్‌బాక్సుకు సామాను శనివారం వస్తుంది, వచ్చే గురువారం తప్పకుండా తీసుకొస్తాను, కళ్ళ డాక్టరు ఇంకో వారం ఉంటానన్నాడు. నిల్దా పెన్ను తీసి రాసుకుంటోంది.

"రావద్దన్న కబురు అందే ఉంటుందిలే ఆయనకి. ఈ వాతావరణంలో బయల్దేరితే ఇంకేమన్నా ఉందా."

పెన్ను ఆగింది.

"రావద్దన్న కబురేంటి?"

"అదే, నిన్న రాయించింది. ఏడున్నర కబుర్లు అయిపోయాక గేర్‌బాక్స్ పోయింది. ఎనిమిదీ నలభై ఐదుకి ఫోన్ చేశా. మీ ఇలారియో ఎత్తాడు. పొద్దున చదువుతారులే అన్నాడు."

నిల్దా కౌంటరు వదిలింది. కంప్యూటరు దగ్గరికి వెళ్ళి తొమ్మిదో వరుస మీద మౌసు బాణం పెట్టింది. మూలన నారింజరంగు చుక్క. బాణం దాని మీద ఆగగానే పక్కన పసుపు పెట్టె తెరుచుకుంది.

"9: చదవకండి. రద్దు. లారీ చెడింది. సతుర్నీనోను ఇల్లు కదలొద్దని పొద్దున మొదటి కబురుగా చెప్పండి. ఇ.బి."

పైన ఇంకా చుక్కలు కనిపించాయి. శుక్రవారం వరుసకు ఒకటి. సోమవారం వరుసకు ఒకటి. ఆమె వాటి మీద బాణం పెట్టలేదు.

గోడ గడియారం పన్నెండు నలభై ఎనిమిది చూపిస్తోంది.

సెర్రో బాయో నుంచి కూడలికి గుర్రం మీద నాలుగు గంటలు. పొద్దున కబురు విని ఏడున్నరకు బయల్దేరితే పదకొండున్నరకు చేరి ఉంటాడు. చేరాక ఏం చేస్తాడో ఆమెకు తెలుసు, పీఠభూమి మీద అందరూ చేసేదే. జీను విప్పి రోడ్డు పక్కన దాస్తాడు. పగ్గం మెడకు చుట్టి గుర్రం పిరుదు మీద ఒకటి చరుస్తాడు. అది తనంతట తాను ఇంటికి వెళ్ళిపోతుంది. లారీ ఎక్కే మనిషికి గుర్రం ఎందుకు, కూడలిలో దాన్ని చూసుకునేది ఎవరు. గుర్రం వెళ్ళి గంట దాటింది. అక్కడ చెట్టు లేదు, ఇల్లు లేదు. మంచు పడితే దారి కనిపించదు. ఆ మనిషికి మామూలు రోజునే సరిగ్గా కనిపించదు, అందుకే కదా డాక్టరు.

"ఆయన కూడలిలో ఉన్నాడు. నేనే పంపాను" అంది.

బసీలియో టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. తన లారీ కదలదు. పోలీసులకు ఫోను చేశాడు. సార్జెంటు చెప్పిందేమిటంటే, ఉన్న ఒక్క పికప్పూ దక్షిణాన ప్రమాదం జరిగితే వెళ్ళింది, ఐదింటికిగాని రాదు. కూడలి డెబ్బై కిలోమీటర్లు. ఊళ్ళో ఇంకెవరి బండి దొరుకుతుందో చూస్తానని బసీలియో బయటికి వెళ్ళాడు. కానీ మంచు మొదలైతే గొలుసులు లేని బండి వాలు ఎక్కదని ఇద్దరికీ తెలుసు.

ఇక మిగిలింది దెల్మీరో. రోడ్డు చదునుచేసే రోడ్ల శాఖ గ్రేడరు నడిపేవాడు. ఈ వారం అతని బండి, బండి వెనక ఈడ్చుకెళ్ళే చెక్క గది కూడలికి ఇరవై ఐదు కిలోమీటర్ల ఇవతల ఉన్నాయి. ఆ గదిలో వైర్‌లెస్ సెట్టు ఉంది. అది ఊళ్ళో రోడ్ల ఆఫీసుకు మాత్రమే వినిపిస్తుంది. రోడ్ల ఆఫీసు పన్నెండున్నరకు మూస్తారు. ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు.

కానీ దెల్మీరో రోజంతా రేడియో పెట్టుకుంటాడు. అందరూ పెట్టుకుంటారు.

ఒంటిగంట నుంచి లగూనా మన్సా రేడియో రాజధాని కార్యక్రమాన్ని ప్రసారం చేస్తుంది. దాన్ని మధ్యలో తెంచే అధికారం నిల్దాకు లేదు. పన్నెండు యాభై ఎనిమిదికి మైకు గదిలోకి వెళ్ళి మైకు తెరిచింది. ఒంటిగంటకు రాజధాని స్విచ్ వేయలేదు.

దెల్మీరోను పేరుపెట్టి పిలిచింది. విషయం చెప్పింది. కూడలిలో మనిషి ఉన్నాడు, ముసలివాడు, చూపు తక్కువ, గుర్రం లేదు. వింటే బయల్దేరమంది. ఇంకెవరైనా దగ్గరలో ఉంటే వాళ్ళను కూడా బయల్దేరమంది. తర్వాత సతుర్నీనోతో మాట్లాడింది. ఆయన దగ్గర జేబు రేడియో ఉందో లేదో ఆమెకు తెలియదు.

"దోన్ సతుర్నీనో, లారీ రాదు. పొద్దున నేను చెప్పింది తప్పు. నడవకండి. ఎటూ నడవకండి. రోడ్డు కింద నీటి గొట్టం ఉంది చూడండి, పెద్దది, మనిషి పట్టేది. జీను తీసుకుని అందులో దూరండి. మీ కోసం మనిషి వస్తున్నాడు."

మనిషి వస్తున్నాడో లేదో కూడా తెలియదు. అయినా చెప్పింది.

అదే మాట పది నిమిషాలకొకసారి చెప్పింది. మధ్యలో ఫోను మోగింది, రాజధాని. ఎవరి అనుమతితో తెంచావని అడిగారు. రాతపూర్వకంగా అడగండి, రాతపూర్వకంగా చెప్తానంది. పెట్టేసింది.

రెండింటికి ఇలారియో వచ్చాడు. దారిలో దుకాణంలో విన్నాడట. కోటు మీద మంచు. మైకు గది అద్దం అవతల నిలబడి చూశాడు. ఆమె మైకు ఆపి బయటికి వచ్చింది. ఒకే గదిలో ఇద్దరూ. ఏం చేసుకోవాలో తెలియని చేతులు నాలుగు.

"నేను రాశాను" అన్నాడు.

"చూశాను. ఇప్పుడు. కాగితం మీద రాలేదు. ఈ కొత్తదానిలో కామెంట్లు అచ్చులో రావట్లేదు."

"ఏ కామెంటూ రాలేదా?"

"శనివారం నుంచి ఒక్కటి కూడా."

అతను తెరవైపు చూశాడు. సాయంత్రం పూట కబుర్లు రాసుకునేది అతను, పనిచేసినంతసేపూ ఆ చుక్కలు అతని కళ్ళ ముందే ఉండేవి. ఆమెకు కనిపించకపోవచ్చన్న ఆలోచన అతనికి ఒక్కసారి కూడా రాలేదు. రోడ్ల ఆఫీసు తాళం ఎవరి దగ్గర ఉందని నిల్దా అడిగింది. కనుక్కుంటానన్నాడు. తాళం తీయించి సెట్టు దగ్గర తాను కూర్చుంటాననీ, దెల్మీరో పలికితే ఫోను చేస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాలు కూడా ఉండలేదు.

మూడింటికి కిటికీలో ఎదుటి ఇల్లు కనిపించడం మానేసింది.

అదే కబురు అన్నిసార్లు చదివితే మాట అరిగిపోతుంది. మధ్యలో నిశ్శబ్దం వస్తే, గొట్టంలో ఉన్న మనిషి రేడియో చెడిందనుకుంటాడేమో, లేచి నడుస్తాడేమో అని భయం వేసింది. అందుకని నిల్దా ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. పాట వెయ్యాలని తోచలేదు. మొదట వాతావరణం. తర్వాత ఊళ్ళో ఎవరి బేకరీలో ఏం చేస్తున్నారో. తర్వాత ఏమీ మిగల్లేదు. కళ్ళు మూసుకుని, చీకటి గొట్టంలో జీను మీద కూర్చున్న ఒక మనిషిని ఊహించుకుని, అతనొక్కడికే చెబుతున్నట్టు చెప్పింది. తన వంటింటి కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనిపించదని చెప్పింది. రాత్రి భోజనానికి రెండు పళ్ళాలు పెట్టి ఒకటి తీసేసే రోజులుంటాయని చెప్పింది.

"పోయిన ఆదివారం ఒకరిని భోజనానికి పిలిచాను, దోన్ సతుర్నీనో. జవాబు రాలేదు. రాలేదనుకున్నాను. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. మడుగు చుట్టూ మూడుసార్లు నడిచాను. జవాబు వచ్చిందట. నేను చూళ్ళేదు. చెప్పేదేంటంటే, వినపడకపోతే ఎవరూ లేరని కాదు. కదలకండి. ఉన్నచోటే ఉండండి."

నాలుగు వేలమంది విన్నారు. ఆ ఆలోచన ఆమెకు తర్వాతెప్పుడో వచ్చింది.

నాలుగింటికి ఫోను మోగింది. ఇలారియో. దెల్మీరో సెట్టులో పలకడం లేదన్నాడు. గంటన్నర నుంచి పిలుస్తున్నానన్నాడు. అది మంచికో చెడ్డకో తెలియదు. బయల్దేరి ఉంటే గదిలో ఉండడు కదా. నిల్దా సరేనంది. ఇద్దరూ ఫోను పెట్టలేదు.

"ఇక్కడ రేడియో ఉంది. మీరు చెప్పింది విన్నాను" అన్నాడు.

ఆమె ఫోను మరో చెవికి మార్చింది.

"ఆదివారం పన్నెండున్నరకి వచ్చాను. వైన్ సీసా పట్టుకుని. పావుగంట నిలబడ్డాను. పక్కింటావిడ చూసి నవ్వింది."

"నేను మడుగు దగ్గర ఉన్నాను."

"ఇప్పుడు తెలిసింది." కాసేపు గీరుమనే శబ్దం. "సోమవారం నేను తీరానికి బదిలీ అడిగాను. అక్కడ ఖాళీ ఉందని ఎప్పటినుంచో అంటున్నారు. నిన్న ఒప్పుకున్నారు. ఒకటో తారీకు నుంచి. సంతకం పెట్టాను."

"ఒకటో తారీకు" అంది నిల్దా.

"ఆ."

మళ్ళీ కబురు చెప్పవలసిన పది నిమిషాలు అయ్యాయి. మైకు దగ్గరికి వెళ్ళాలంది. వెళ్ళమన్నాడు.

ఐదూ పదికి అతను మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది. దెల్మీరో పలికాడు. అతను మొదటి పిలుపుకే, ఒంటిగంటకే, గ్రేడరు తీసుకుని కూడలికి బయల్దేరాడు. మంచులో చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. గొట్టంలో సతుర్నీనో జీను మీద కూర్చుని ఉన్నాడు, గొంగడి కప్పుకుని. కాళ్ళు బాగా లేవు. మనిషి మాట్లాడుతున్నాడు. తన గదికి తెచ్చి స్టవ్ దగ్గర పడుకోబెట్టాడు. పికప్పు వచ్చింది, పోలీసులు బయల్దేరుతున్నారు.

నిల్దా ఆ వార్తను గాలిలోకి చదివింది. అందరికీ కృతజ్ఞత చెప్పింది. రాజధాని స్విచ్ వేసింది. ఎవరో టాంగో పాడుతున్నారు.

తర్వాత ప్యూకు ఫోను చేసింది. పాతదానిలో కామెంట్లను అచ్చు వెయ్యమని ఎవరో ఎప్పుడో టిక్కు పెట్టి ఉంటారనీ, ఆ టిక్కు కొత్తదానిలోకి రాలేదనీ, అది తాను అడగవలసిన ప్రశ్న అనీ చెప్పాడు. ఎక్కడ నొక్కాలో చెప్పాడు. ఒక మెనూ, అందులో ఒక పేజీ, పేజీలో ఒక చిన్న గడి. నిల్దా టిక్కు పెట్టింది. అప్పుడు శుక్రవారం చుక్క మీద బాణం పెట్టింది.

"వస్తాను. వైన్ నేను తెస్తాను. రెండు డజన్లు సరిపోతాయో లేదో."

సోమవారంది: "ఆదివారం తలుపు తట్టాను. ఫర్వాలేదు."

వాటిని చెరపవలసింది ఆమె. చెరపకుండా షీటు మూసింది. కోటు తొడుక్కుని ఆసుపత్రికి నడిచింది.

సతుర్నీనో పయలెఫ్‌ను ఏడున్నరకు తెచ్చారు. చిన్న మనిషి, దుప్పటి కింద పిల్లవాడంత కనిపించాడు. కాళ్ళకు కట్లు. ఎడమ కాలివి రెండు వేళ్ళు ఉండకపోవచ్చని డాక్టరు వసారాలో చెప్పాడు. మీరు చుట్టమా అని నర్సు అడిగింది. కాదంది. మరి చుట్టాలెవరైనా ఉన్నారా అని అడిగింది. తెలియదంది. నర్సు కుర్చీ చూపించి వెళ్ళిపోయింది.

"బాగున్నారా, దోన్ సతుర్నీనో" అని అడిగింది నిల్దా.

ఆయన తల అటు తిప్పాడు. కళ్ళు పాలరంగులో ఉన్నాయి. మొహం ఆమెవైపు కాకుండా కొంచెం పక్కకు పెట్టి విన్నాడు, రేడియో వింటున్నట్టు.

"మీరా. పొడుగ్గా ఉంటారనుకున్నా" అన్నాడు.

తప్పు తనదని ఆమె చెప్పింది. రద్దు కబురు ముందురోజే వచ్చిందనీ, తాను చూడలేదనీ, పొద్దున చదవకూడనిది చదివాననీ చెప్పింది. ఎందుకు చూడలేదో కూడా చెప్పింది. కొత్త ప్రోగ్రాము, అచ్చు, చుక్కలు. ఆయనకు అవేం పట్టలేదు.

"రమ్మన్నారు, వచ్చాను. కదలొద్దన్నారు, కదల్లేదు. వేళ్ళంటారా, ఆ మాటకొస్తే గుర్రం నుంచి పడ్డప్పుడే ఒకటి పోయింది నాకు."

జేబు రేడియో ఉందన్నాడు. బ్యాటరీలు చలికి పడుకుంటే చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి మళ్ళీ వేశానన్నాడు. ఆమె మడుగు చుట్టూ నడిచిన దగ్గర అవి పూర్తిగా చచ్చాయట.

"మూడుసార్లు నడిచారు. తర్వాతేమైంది?"

"ఇంటికి వెళ్ళాను."

"అంతేనా?"

"అంతే."

ఆయన అప్పుడు అసలు సంగతికి వచ్చాడు. రెండు రోజులే కదా అని కుక్కను గుడిసెలో కట్టేసి వచ్చాడు. రెండు రోజులకు సరిపడా మాంసం పెట్టాడు. ఇప్పుడు డాక్టరు రెండు వారాలంటున్నాడు. గుర్రం చేరిందో లేదో కూడా తెలియదు, చేరితే దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఉంటుంది, తలుపు తీసేవాళ్ళు లేరు. ఒక కబురు పెట్టాలి.

నిల్దా సంచిలో కాగితం వెతికింది. మందుల రసీదు దొరికింది. దాని వెనక రాసుకుంది. ఆయన చెప్పిన ప్రతి మాటా రాసి తిరిగి చదివి వినిపించింది. రెండుచోట్ల దిద్దాడు. రాత్రి కబుర్లు అప్పటికి అయిపోయాయి. పొద్దునే చదువుతానంది.

"మీరే చదవండి. సాయంత్రం చదివే ఆయన గొంతు మంచిదేగానీ, మా వాళ్ళు కూర్చునే వింటారు. మీరంటే లేస్తారు."

ఆయన నిద్రపోయేదాకా కూర్చుంది. తర్వాత మంచులో ఇంటికి నడిచింది.

శుక్రవారం ఆరింటికి రేడియో తలుపు తీసింది. అచ్చు తీసింది. మాతే పెట్టుకోలేదు. ఆరున్నరకు మైకు తెరిచి, శుభోదయం చెప్పి, మొదటి కబురు చదివింది.

"సెర్రో బాయో చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు సతుర్నీనో పయలెఫ్ రాయించింది. నేను ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాను. రెండు వారాలు రాను. కుక్క గుడిసెలో కట్టేసి ఉంది, దాని పేరు కాబో, కరవదు, అరుస్తుంది. గుర్రం దొడ్డి బయట ఉంటే లోపలికి తోలండి, నీళ్ళ తొట్టి మీద మంచు పగలగొట్టండి. లోపల యెర్బా ఉంది, తాగండి. ఎవరు వెళ్తే వాళ్ళకు నా కృతజ్ఞతలు."

రెండోసారి చదివింది, ఇంకా మెల్లగా. చదివాక మైకు ముందు ఆగింది. పీఠభూమి మీద ఎక్కడో ఒకరు చేతిలో గ్లాసు దించి జీను కోసం లేచారో లేదో, తెలుసుకునే దారి ఆమెకు లేదు. గడియారం ముల్లు ఐదు సెకన్లు దాటింది.

రెండో కబురు తీసింది.